లైటు పట్టుకున్న పిల్ల

వరంగల్ మట్టెవాడలో యాకయ్యకు చిన్న ఫోటో స్టూడియో ఉండేది. పైకప్పులో ఉత్తరం వైపు గాజు పలకలు వేయించుకున్నాడు. పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా వాటిలోంచి మెత్తటి వెలుతురు దిగేది. ఆ వెలుతురులో కూర్చోబెడితే ఎవరి ముఖమైనా బాగా వస్తుందని అతని నమ్మకం. అందుకే ఇంటికి వచ్చి గ్రూపు ఫోటో తీయమంటే ముఖం చిట్లించేవాడు. ఇళ్లలో గదులు చీకటి. కరెంటు ఉన్నచోట కూడా సాయంత్రమయ్యేసరికి బల్బులో ఎర్రటి తీగ కనబడేదే తప్ప ఎదురుగా ఉన్న గోడ కనబడేది కాదు. ఫ్లాష్ బల్బులు హైదరాబాదులోనే దొరకని రోజులు. ఏడెనిమిది మందిని గదిలో కూర్చోబెట్టి నాలుగు సెకన్లు కదలకుండా ఉండమంటే ఎవరో ఒకరు కదిలేవారు. కదిలినవాళ్ల ముఖం పొగలాగా వచ్చేది. మాటపడేది మాత్రం యాకయ్య.

1961లో క్రిస్మస్ ఇంకా వారం ఉందనగా, కాజీపేట రైల్వేలో పనిచేసే సాల్మన్ అతని దగ్గరికి వచ్చాడు. సాల్మన్ తండ్రి ఏలియా పాలకుర్తి దగ్గర ఒక పల్లెలో ముప్పై ఏళ్లు బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యాడు. పక్షవాతం వచ్చాక, దవాఖానకు దగ్గరగా ఉంటుందని కొడుకు ఆ ఏడే తల్లిదండ్రులను మట్టెవాడకు తెచ్చి ఒక ఇల్లు చూసి పెట్టాడు. ఆ వీధిలో వాళ్లు ఇంకా కొత్తవాళ్లే.

"యాకన్నా, నాయినను బయటికి తేలేం. కుడి పక్క మొత్తం పడిపోయింది. పండుగకు అందరం ఒక్క దగ్గర ఉంటం. నువ్వే జర ఇంటికి రావాలె," అన్నాడు సాల్మన్.

"ఇంట్ల వెల్తురు ఎట్లుంటది?"

"ఒక్క కిటికీ ఉన్నది. దాని ముంగట పక్కింటోళ్ల గోడ లేచింది."

యాకయ్య వద్దనే అనబోయాడు. కానీ సాల్మన్ గొంతు తగ్గించి, "మళ్ల క్రిస్మస్ దాక నాయిన ఉంటడో లేదో ఎవలకు తెలుసు," అన్నాడు. కాదనలేకపోయాడు.

పండుగ మర్నాడు మధ్యాహ్నం నాలుగింటికి యాకయ్య స్టాండు కెమెరా, మూడు గాజు ప్లేట్లు, పెట్రోమాక్స్ లైటు ఒకటి రిక్షాలో వేసుకుని వెళ్లాడు. గది అతను అనుకున్నదానికంటే అధ్వాన్నంగా ఉంది. కిటికీలోంచి వచ్చే వెలుతురు నేల మీద చాపంత మేరకే పడుతోంది. బల్బు వేస్తే దాని చుట్టూ మాత్రమే పసుపుపచ్చగా కనిపించింది. ఏలియాను ఇంకా మంచం మీది నుంచి లేపలేదు. సాల్మన్, పంతొమ్మిదేళ్ల పిల్ల ఒకతె ఆయనను రెండు వైపులా పట్టుకుని కుర్చీలోకి మార్చారు. ఆ పిల్ల నలిగిన నూలు చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని ఉంది. ఆయన వీపు వెనుక దిండు పెట్టింది. కోటు గుండీలు పెట్టింది. వంకరపోయిన పెదవి చివర కారుతున్న చొంగను తన కొంగుతో తుడిచింది. మిగతావాళ్లందరూ కొత్త బట్టల్లో ఉన్నారు. ఏలియా భార్య సారమ్మ తెల్లటి చీరలో, సాల్మన్ కోటులో, అతని భార్యా ఇద్దరు పిల్లలూ పౌడరు రాసుకుని.

పెట్రోమాక్సును ఎక్కడైనా తగిలిద్దామంటే గోడకు మేకు లేదు. కింద పెడితే ముఖాల మీద నీడలు కిందినుంచి పైకి పడి అందరూ దయ్యాల్లాగా వస్తారు. ఎవరైనా పైకెత్తి పట్టుకోవాలి. పట్టుకుని ఊరికే నిలబడితే సరిపోదు. కెమెరా కన్ను తెరిచి ఉన్నంతసేపూ లైటును మెల్లగా అటూ ఇటూ ఆడిస్తుండాలి. అప్పుడే గోడ మీద నీడలు ఒకదాంట్లో ఒకటి కలిసి మెత్తబడతాయి.

"ఇంటోళ్లంత వచ్చి కూసోండ్రి," అన్నాడు యాకయ్య. వంటింటి వైపు వెళ్లబోతున్న పిల్లను చూసి, "పిల్లా, నువ్వు ఇటు రా. జర ఈ లైటు పట్టుకో," అన్నాడు.

ఆ పిల్ల ఆగింది. సారమ్మ వైపు ఒకసారి చూసింది. సారమ్మ మనవడి చొక్కా కాలరు సర్దుతోంది. పిల్ల చేతులు తుడుచుకుని వచ్చి లైటు అందుకుంది. ఎలా పట్టుకోవాలో యాకయ్య ఒక్కసారి చూపిస్తే చాలు, అర్థం చేసుకుంది. ఉయ్యాల ఊపినంత మెల్లగా ఊపింది. ఇంత బాగా పట్టుకునేవాళ్లు అతనికి అంతకుముందు దొరకలేదు.

"ఇగ ఎవ్వలు మాట్లాడొద్దు. నేను కెమెరా మూత తీస్త. మళ్ల పెట్టెదాక రెప్ప గూడ కొట్టొద్దు."

మూత తీశాడు. ఒకటి, రెండు అని లోపల లెక్కపెడుతుండగా ఏలియా ఎడమ చేయి కుర్చీ మీది నుంచి లేచింది. ఆయన తల కూడా లైటు వైపు తిరిగింది.

"అన్నా," అన్నాడు ఆయన. మాట ముద్దగా వచ్చింది. "అన్నా... అన్నా..."

యాకయ్య మూత పెట్టేశాడు. అందరూ తనను యాకన్నా అనే పిలుస్తారు. వయసులో పెద్దాయన తనను అన్నా అంటున్నాడే అనుకుని కొంచెం నొచ్చుకున్నాడు కూడా.

"ఏంది సారూ, తొందరేం లేదు. ఆ ప్లేటు చెడిపోయింది, ఇంకోటి తీస్త. ఈసారి జర చెయ్యి కదలనియ్యకుండ్రి," అన్నాడు. తర్వాత సారమ్మతో, "అమ్మా, సారు చెయ్యి నీ ఒళ్లె పెట్టుకోని గట్టిగ పట్టుకో. కదిలిచ్చిండంటె ఇది గూడ పోతది," అన్నాడు.

సారమ్మ భర్త చేతిని తన ఒళ్లోకి తీసుకుని రెండు చేతులతో అదిమి పట్టుకుంది. రెండో ప్లేటుకు అందరూ రాళ్లలా కూర్చున్నారు. ఏలియా పెదవులు మాత్రం ఒకసారి వణికి ఆగిపోయాయి. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. లైటు వెలుగుకు కళ్లు మండుతున్నాయేమో అనుకున్నాడు యాకయ్య.

మూత పెట్టగానే సాల్మన్ లేచి, "ఇంకోటి తీస్తవా అన్నా?" అన్నాడు, లైటు వైపు చూస్తూ.

"సాలు. ఇది మంచిగొచ్చింది," అన్నాడు యాకయ్య. పెట్టెలో ఇంకో ప్లేటు ఉంది. మర్నాడు ఇత్తడి సామాన్ల వ్యాపారి వీరభద్రం ఇంట్లో గ్రూపు ఫోటో ఉంది. దానికి అక్కరకొస్తుందని దాచుకున్నాడు. లైటు ఆర్పి, అందరికీ నమస్కారం పెట్టి వచ్చేశాడు.

ఫోటో నిజంగానే బాగా వచ్చింది. అంత చీకటి గదిలో ప్రతి ముఖమూ గుండ్రంగా, నీడలు మెత్తగా, ఏలియా వంకరపోయిన పెదవి కూడా దిగులుగా నవ్వుతున్నట్టు. ఇంట్లో తీసిన గ్రూపు ఇంత బాగా రావడం యాకయ్యకు అదే మొదటిసారి. పెద్ద ప్రింటు ఒకటి వేసి, అట్ట మీద అతికించి, కింద తెల్ల సిరాతో 'ఏలియా గారి కుటుంబం, 1961' అని రాసి, వీధిలోకి కనబడే అద్దాల బీరువాలో పెట్టాడు.

వారం తర్వాత ఇంటివాళ్ల ప్రింటు తీసుకుపోవడానికి ఆ పిల్లే వచ్చింది. వస్తూనే బయట బీరువా ముందు ఆగి కాసేపు నిలబడింది. తర్వాత లోపలికి వచ్చింది. యాకయ్య ఉత్సాహంగా ప్రింటు తీసి ఆమె ముందు పెట్టాడు.

"సూడు, ఎట్లొచ్చిందో. సగం గొప్పతనం నీదే పిల్లా. గట్ల లైటు పట్టెటోళ్లు దొరుకరు. వాళ్లింట్ల ఎన్నేండ్ల సంది పని చేస్తున్నవు?"

ఆ పిల్ల ఫోటో మీది నుంచి కళ్లు ఎత్తలేదు.

"పదిహేడేండ్ల సంది," అంది.

యాకయ్య నవ్వాడు. "పుట్టంగనే పనిల చేరినవా ఏంది?"

"రెండేండ్లప్పుడు."

ఫోటోను కాగితంలో చుట్టుకుని వెళ్లిపోయింది. మాటకారి పిల్లే అనుకున్నాడు యాకయ్య. సాయంత్రానికి ఆ సంగతి మరచిపోయాడు.

దాదాపు నాలుగేళ్లు గడిచాయి. ఏలియా చనిపోయిన సంగతి అతనికి తెలుసు. 1964 వానాకాలంలో పోయాడు. ఆ రోజు యాకయ్య ఊళ్లో లేక వెళ్లలేకపోయాడు. మరుసటి ఏడు చలికాలంలో ఒకరోజు పొద్దున్నే సారమ్మ స్టూడియోకు వచ్చింది. బాగా చిక్కిపోయింది. కొంగులో చుట్టుకొచ్చిన వస్తువులు రెండు బల్ల మీద పెట్టింది. ఒకటి అతను తీసిన గ్రూపు ఫోటో, ఫ్రేముతో సహా. రెండోది తపాలా బిళ్లకంటే కొంచెం పెద్దదైన ముఖం ఫోటో. తెల్ల టోపీ పెట్టుకున్న నర్సు.

"యాకయ్యా, నువ్వు ఒక ఫోటోల మనిషిని తీసి ఇంకో ఫోటోల అతికిస్తవంట గద. ఈ పిల్లను గీ ఫోటోల మా ఆయన పక్కన పెట్టాలె."

యాకయ్య చిన్న ఫోటోను వెలుతురులోకి పట్టుకుని చూశాడు. ఎక్కడో చూసిన ముఖం.

"ఎవరమ్మా ఈమె?"

"ఎవరేంది, మా హన్నా. మా బిడ్డ. ఆ రోజు నీకు లైటు పట్టుకున్నది గద."

యాకయ్య బల్ల మీద చేయి ఆనించి నిలబడ్డాడు. సారమ్మ అతని ముఖం గమనించలేదు. తన ధోరణిలో చెప్పుకుపోయింది. పాలకుర్తి దగ్గర పల్లెలో ఉన్నప్పుడు కలరా గత్తర వచ్చి ఒక కూలి మనిషి చనిపోయింది. రెండేళ్ల ఆడపిల్ల తల్లి పక్కన కూర్చుని ఉంటే ఏలియా భుజాన వేసుకుని ఇంటికి తెచ్చాడు. ఆయనే హన్నా అని పేరు పెట్టాడు. ఆయనే అక్షరాలు నేర్పాడు. సాల్మన్ కంటే ఆమె మీదే ఆయనకు పంచప్రాణాలు.

"పచ్చవాతం వచ్చినంక ఆయనకు మాట సరిగ రాకపోవు. 'హ' అసలే పలుకకపోవు. పొద్దస్తమానం 'అన్నా, అన్నా' అని దాన్నే పిలిచెటోడు. ఎంత పనిల ఉన్నా ఉరికొచ్చేది పిల్ల. గసోంటిది, ఆ క్రిస్మస్ అయినంక ఏమైందో ఏమో, నర్సు పని నేర్చుకుంట అని హైదరాబాదు పోయింది. సెలవులకు గూడ రాదు. ఆయన ఆఖరి మూడు రోజులు వచ్చి సూసుకున్నది. మళ్ల పోయింది. ఇప్పుడు తొర్రూరు దవాఖానల చేస్తాంది. ఇంత దగ్గరుండి ఇంటికి రాదు. ఎందుకు రావు బిడ్డా అని అడిగితే పని ఉన్నది అంటది." ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. "దాని ఫోటో మాతోటి ఒక్కటి లేదు. కనీసం అతికిచ్చిందన్న ఉంటది."

యాకయ్యకు అప్పుడు అర్థమైంది. ఏలియా తనను పిలవలేదు. లైటు పట్టుకున్న కూతురిని వచ్చి పక్కన నిలబడమని పిలిచాడు. తను ఆయనను కదలొద్దన్నాడు. ఆ చేతిని పట్టుకోమని భార్యకు చెప్పాడు. ఆ తర్వాత ఇదే బల్ల దగ్గర ఆ పిల్లను అడిగిన మాట గుర్తొచ్చి అతని చెవులు వేడెక్కాయి.

ఆ మాట సారమ్మకు చెప్పే ధైర్యం అప్పుడు చాలలేదు. "ఈ చిన్న ఫోటో పనికిరాదమ్మా. ఇది ఎండల తీసింది. అది లైటు వెల్తుర్ల తీసింది. ఒక్కొక్కల మీద ఒక్కో తీరు నీడ పడ్తది, అతికిచ్చినట్టు తెలిసిపోతది. నేనే తొర్రూరు పోయి గసోంటి లైటు పెట్టి తీసుకొస్త," అన్నాడు.

"నీకు పుణ్యముంటది బిడ్డా," అంది సారమ్మ.

ఆమె వెళ్లాక అతను వెనక గదిలో పాత ప్లేట్ల కట్టలన్నీ విప్పాడు. మొదటి ప్లేటు, ఏలియా చేయి ఎత్తిన ప్లేటు, దొరికితే హన్నాకు చూపించవచ్చని ఆశ. మధ్యాహ్నం దాకా వెతికాక గుర్తొచ్చింది. చెడిపోయిన ప్లేట్లను వేడినీళ్లలో కడిగి, ఆ గాజును ఫ్రేములకు వాడటం అతని అలవాటు. అది ఎప్పుడో ఎవరి ఇంటి దేవుడి పటానికో వెళ్లిపోయింది. లేచి, వీధి బీరువాలోని ఆ ఫోటోను తీసేశాడు.

సంక్రాంతి దాటిన తర్వాత ఒకరోజు తొర్రూరు బస్సెక్కాడు. కెమెరా పెట్టె ఒళ్లో, పెట్రోమాక్సు కాళ్ల మధ్య. దవాఖాన చేరేసరికి పదకొండయింది. అరుగు మీద పత్తి చేలలోంచి వచ్చిన ఆడవాళ్లు, పసిపిల్లలు వరుసగా కూర్చుని ఉన్నారు. హన్నా ఒక పిల్లవాడి కాలి పుండుకు కట్టు కడుతోంది. మనిషి నిండుగా అయింది. అతన్ని చూసి వెంటనే గుర్తుపట్టింది. చేతిలోని లైటును కూడా చూసింది. మళ్లీ కట్టు మీదికి వంగింది. పని అయ్యేదాకా అతను అరుగు చివర కూర్చున్నాడు. గంట తర్వాత ఆమె చేతులు కడుక్కుని వచ్చి, కొంచెం దూరంలో నిలబడింది.

"అమ్మకు మంచిగనే ఉన్నదా?"

"మంచిగనే ఉన్నది బిడ్డా. ఆమెనే పంపింది." యాకయ్య దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ తారుమారయ్యాయి. "నాకు తెల్వదు. నువ్వు వాళ్ల బిడ్డవని నాకు తెల్వదు. పని పిల్లవనుకున్న. సారు ఆ రోజు అన్నా, అన్నా అంటే నన్ను పిలుస్తాండు అనుకున్న. నిన్ను పిలిచిండని మీ అమ్మ చెప్పినంక తెలిసింది. అది నీకు చెప్దామని వచ్చిన."

హన్నా స్తంభానికి ఆనుకుంది.

"నాయిన నన్నే పిలిచిండని నాకు తెలుసు," అంది. "నేను విన్న గద. లైటు కింద పెట్టి పోదామనుకున్న. మీరు ఎవ్వలు కదలొద్దు అంటిరి. అమ్మ నాయిన చెయ్యి పట్టుకున్నది. సరే, అయినంక పోదాం అనుకున్న. అయినంక మీరు పెట్టె మూసిండ్రు."

"దుకాండ్ల నేను అడిగిన మాట..."

"ఆ మాటకు నాకు పెద్ద కోపమేం రాలే. మీరు తెల్వక అడిగిండ్రు. తొవ్వ పొంటి నవ్వుకుంటనే పోయిన. అమ్మకు చెప్తే అమ్మ గూడ నవ్వుతది, మీ దుకాండ్లకు వచ్చి మిమ్ముల నాలుగు మాటలంటది అనుకున్న." ఆమె ఒక క్షణం ఆగింది. "ఇంటికి పోయి ఫోటో అమ్మ చేతిల పెట్టిన. అమ్మ మస్తు సంబరపడ్డది. నాయినకు చూపిచ్చింది. 'సూడు, అందరం ఎంత మంచిగ పడ్డమో' అన్నది. నేను అక్కడనే నిలవడ్డ. అందరం అన్నది."

యాకయ్య తల దించుకున్నాడు.

"అమ్మ మనసుల ఏం లేదు. నాకు తెలుసు. నాయిన ఫికర్ల ఆమెకు తిండి సోయి గూడ లేకుండె. కని ఆ మాట నా లోపట పడ్డది. ఎంత తీసేద్దామన్నా పోలే. నర్సు పనికి పోత అన్నప్పుడు గూడ, వద్దు బిడ్డా అంటదేమో అని చూసిన. మంచిదే, చదువుకో అన్నది. అది నా మంచికే అన్నది. నాకు మాత్రం ఇంకో తీరు వినవడ్డది."

"మరి సారు ఆఖరి రోజులల్ల..."

"మూడు రోజులు ఉన్న. అప్పటికి నాయినకు ఆ ఒక్క మాట గూడ పోయింది. నన్ను చూసుకుంటనే ఉన్నడు. పిలువలేదు."

అరుగు మీద ఎవరో ముసలామె దగ్గుతోంది. హన్నా అటు ఒకసారి చూసి మళ్లీ ఇటు తిరిగింది.

"నన్ను మాఫ్ చెయ్యి బిడ్డా," అన్నాడు యాకయ్య.

"మాఫ్ చేసేటందుకు ఏమున్నది," అంది ఆమె. ఆ మాటలో కోపం లేదు. అందుకే అది అతనికి ఏ ఓదార్పూ ఇవ్వలేదు.

తటపటాయిస్తూనే తను వచ్చిన పని చెప్పాడు. లోపల చీకటి గదిలో ఆ రోజులాగే లైటు పెట్టి తీస్తే, ఏలియా పక్కన సరిగ్గా అతికించవచ్చు. అతికించినట్టు ఎవరూ పోల్చుకోలేరు. సారమ్మ ఎంతో ఆశగా అడిగింది.

హన్నా తల అడ్డంగా ఊపింది. "వద్దు. ఆ ఫోటోల నేను లేను. లేనిదాన్ని ఉన్నట్టు చెయ్యకుండ్రి."

"ఒక్కసారి ఇంటికన్న పోయి రా. మీ అమ్మ ఏడుస్తాంది."

"పోవాలనే ఉంటది. పోతే ఆ గోడ మీద ఆ ఫోటో ఉంటది. అన్నం తినేటప్పుడు ఎదురుంగ ఉంటది." ఆమె లోపలికి వెళ్లబోయి ఆగింది. "నేను చెప్పినదంత అమ్మకు చెప్పకుండ్రి. అందరం అన్న మాట ఆమెకు యాది గూడ ఉండది. ఇప్పుడు తెలిస్తే ఆమె దానితోనే చస్తది. నాయిన పోయిన దుఃఖం సాలదా."

యాకయ్య మాట ఇచ్చాడు. సాయంత్రం బస్సుకు వరంగల్ చేరాడు. మర్నాడు పొద్దున సారమ్మ ఇంటికి వెళ్లాడు. ఆమె ఎదురు చూస్తూనే ఉంది. అతని చేతుల్లో ఏమీ లేకపోవడం చూసి ముఖం చిన్నబోయింది.

"ఫోటో తీయనియ్యలేదమ్మా. తప్పు నాది. ఆమె ఇంటికి రాకపోవుడు గూడ నా తప్పే," అని మొదలుపెట్టాడు. ఆ రోజు ఆమెను పనిమనిషి అనుకుని లైటు చేతికిచ్చానని, తర్వాత దుకాణంలో ఎన్నేళ్ల నుంచి పని చేస్తున్నావని అడిగానని చెప్పాడు.

సారమ్మ కూర్చున్నచోటు నుంచి లేచింది. "పని పిల్లనా? నా బిడ్డనా? దాని ముంగటనే గంత మాట అంటివా? గందుకే గద పిల్ల ఇల్లిడిచి పోయింది. కండ్లతోటి బతికెటోనివి యాకయ్యా, నీకు కండ్లు లెవ్వా?"

అతను నిలబడే విన్నాడు. ఆ మాట ఒక్కటే కాదమ్మా, నువ్వు కూడా ఒక మాట అన్నావు అనే సంగతి నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాడు.

"ఇంకోటి గూడ ఉన్నదమ్మా," అన్నాడు. "సారు ఆ రోజు అన్నా అన్నది ఆమెనే. వచ్చి నిలబడమని పిలిచిండు. నాకు అర్థం కాలే."

సారమ్మ తిట్లు ఆగిపోయాయి. తన కుడి చేతిని ఎడమ చేతిలోకి తీసుకుని చూసుకుంది.

"ఎప్పటి లెక్కనే పిలుస్తాండనుకున్న. చెయ్యి పట్టుకున్న," అంది మెల్లగా. "గుంజుకుంటాంటె ఇంకింత గట్టిగ పట్టుకున్న. నువ్వే పట్టుకొమ్మంటివి."

"అవునమ్మా. నేనే అన్న."

"పో యాకయ్యా," అంది ఆమె. "ఇగ పో."

ఆ తర్వాత సారమ్మ అతని స్టూడియో గడప తొక్కలేదు. బజారుకు వెళ్లేటప్పుడు ఆ వీధి తప్పించి చుట్టూ తిరిగి వెళ్లేది. చర్చిలో, బావి దగ్గర, కనబడినవాళ్లందరికీ చెప్పేది, ఫోటోలు తీసే యాకయ్య నోటి దురుసుతనం వల్ల తన బిడ్డ ఇంటికి దూరమైందని. ఆ మాటలు తిరిగి తిరిగి యాకయ్య చెవిన పడేవి. అతని భార్య శారద విని ఊరుకోలేక, "గంత మందిల నిన్ను అంటాంటె నువ్వేమనవా?" అని అడిగేది. అతను ప్లేట్లు తుడుచుకుంటూ ఉండేవాడు. ఆ కోపం తన మీద ఉన్నన్నాళ్లూ ఆ తల్లి తనను తాను తవ్వుకోదని అనుకునేవాడు. తను చేయగలిగింది అంతే. అది సరిపోదని కూడా అతనికి తెలుసు.

ఈస్టరు తర్వాత సాల్మన్ దారిలో కలిశాడు. తల్లి చెప్పి చెప్పి తన చేత హన్నాకు ఒక ఉత్తరం రాయించిందని, గోడ మీది ఫోటో తీసి పెట్టెలో బట్టల అడుగున పెట్టేసిందని చెప్పాడు. ఈస్టరుకు హన్నా వచ్చిందట. రెండు రోజులు ఉందట.

"అమ్మ పొద్దంత నిన్ను తిడుతనే ఉన్నది అన్నా. ఏమనుకోకు," అన్నాడు సాల్మన్ సిగ్గుపడుతూ.

"తిట్టనియ్యి. హన్నా ఏమన్నది?"

"ఏమనలే. ఆ తిట్లు ఇనుకుంట అమ్మ తలకు నూనె పెట్టింది."

సాల్మన్ కాసేపు నిలబడి, "ఆ రోజు ఇంకోటి తీయమని నేను నిన్ను గట్టిగ అడగాల్సి ఉండె," అన్నాడు. "చెల్లెను గూడ పిలుద్దామనుకున్న. నువ్వు సాలు అనంగనే సరే అనుకున్న."

ఆ మాట యాకయ్య మనసులో చాలా రోజులు ఉండిపోయింది. ఆ గదిలో ఉన్న అందరికీ తలా కొంచెం తెలుసు. ఎవరికి తెలిసింది వాళ్లు నోట్లోనే పెట్టుకున్నారు. ముసలాయన ఒక్కడే పైకి అన్నాడు.

అప్పటి నుంచి ఏ ఇంట్లో గ్రూపు తీయబోయినా, లైటు చేతికిచ్చే ముందు ఆ మనిషి ఎవరో అడిగేవాడు. అందరూ కూర్చున్నాక ఒకసారి వంటింట్లోకి, పెరట్లోకి వెళ్లి చూసి వచ్చేవాడు. కొందరు నవ్వేవాళ్లు. కొందరికి కోపం వచ్చేది, ఇంట్లో ఆడవాళ్లుండే చోటికి ఈయనకేం పని అని. కొన్ని ఇళ్లలో పిలవడం మానేశారు.

1967 వేసవిలో ఒక పొద్దున హన్నా స్టూడియోకు వచ్చింది. ఒంటరిగా. సర్వీసు రిజిస్టరులో అతికించడానికి ఫోటో కావాలంది. యాకయ్య ఆమెను గాజు కప్పు కింద స్టూలు మీద కూర్చోబెట్టాడు. వెలుతురు నిండుగా ఉంది. గడ్డం కొంచెం దించమన్నాడు. ఎడమకు తిరగమన్నాడు. ఆమె తిరిగింది. ఒకటి తీశాడు. అడగకుండానే రెండోది, మూడోది కూడా తీశాడు.

"ఎప్పుడిస్తరు?"

"సోమవారం."

"సోమవారం నేనుండ. మా అన్న వచ్చి తీస్కపోతడు."

అతను కవరు తీసి, కలం సిరాలో ముంచాడు. పేరు తెలిసినా అడిగాడు.

"కవరు మీద ఏం రాయాలె బిడ్డా?"

"హన్నా," అంది ఆమె. "తండ్రి పేరు ఏలియా. అది గూడ రాయుండ్రి."

యాకయ్య రెండు పేర్లూ నిదానంగా రాసి, సిరా ఆరేదాకా కవరును చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. తల ఎత్తేసరికి ఆమె గడప దాటి ఎండలోకి వెళ్లిపోయింది.